ఈశాన్యంలో ఆర్పే బటన్

ముందే చెప్పేస్తున్నాను. నేను పెంచి రాస్తాను. మా ఇంట్లో ఎలుక కనబడితే అది నా కాగితం మీదికి వచ్చేసరికి పందికొక్కు అవుతుంది. సంపాదకుడు కాస్త ఎక్కువ చోటిస్తే అడవిపంది కూడా అవుతుంది. ఇది జబ్బు. మందు లేదు. కాబట్టి కోరుట్ల కంప్యూటరాయన గురించి నేను చెప్పేదాంట్లోంచి మీరు ఎంత తరుగు తీసుకుంటారో మీ ఇష్టం. ఏది కల్పించానో చివర్లో నేనే ఒప్పుకుంటాను. అప్పటిదాకా నమ్మండి.

ఆయన పోయి కొంతకాలమైంది. మొన్న జగిత్యాలలో ఆధార్ కాపీ తీయించుకుందామని ఓ జిరాక్సు దుకాణానికి వెళ్లి, అక్కడి తెరను చూసి ఆగిపోయాను. చెత్తబుట్ట బొమ్మ కుడివైపు కింది మూలన ఉంది. కంప్యూటరును ఆపే బటన్ ఎడమవైపు కింది మూలన ఉంది. కుడివైపు పై మూల మాత్రం ఊడ్చి సానుపు చల్లినట్టు ఖాళీగా ఉంది.

"గిట్ల ఎవరు పెట్టిచ్చిండ్రు?" అన్నాను.

"కోరుట్ల సార్. మా ఇంట్ల ఏ మూలకు ఏముంటదో అడిగి గిట్ల సదిరిండు," అన్నాడు దుకాణదారు. "ఎందుకు అని అడిగితే చెప్పలే. మీకెర్కనా?"

ఎరుకే. ఆ మూల ఎట్లా ఖాళీ అయిందో ఈ భూమ్మీద తెలిసినవాళ్లలో నేనొకణ్ణి.

కోరుట్ల బస్టాండు దాటాక ఆయనకొక షట్టరు ఉండేది. అదెంత ఇరుకంటే, లోపల ఆయన తుమ్మితే ఎదురుగా ఉన్న మిర్చి బండి మూకుడులో నూనె కదిలేది. వయసులో ఉన్నప్పుడు షార్జాలో ఏదో ఆఫీసులో చాయ్ అందించే పనికి పోయి, అక్కడ ఒక మలయాళీ దగ్గర లైనక్స్ నేర్చుకుని వచ్చాడు. మా వైపు గల్ఫునుంచి వచ్చేవాళ్లు సెంటు సీసాలు, కంబళ్లు, టార్చిలైట్లు తెస్తారు. ఈయన లైనక్స్ తెచ్చాడు. ఆ పెట్టె ఎప్పుడు విప్పుతాడా అని చుట్టాలు చాలా ఏళ్లు ఎదురుచూశారు.

తెలియనివాళ్లకు చెప్పాలి. లైనక్స్ అంటే ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. కంప్యూటరును నడిపించే వ్యవస్థ అది. అందులో తమాషా ఏమిటంటే లోపలి యంత్రం అదే ఉంచి పైన ముఖం మాత్రం మనకు నచ్చింది తగిలించుకోవచ్చు. మెనూ ఎక్కడుండాలి, గడియారం ఎక్కడుండాలి, కిటికీ ఎట్లా మూసుకోవాలి అన్నదంతా ఆ ముఖం పని. గ్నోమ్ ఒక ముఖం, కేడీఈ ఒక ముఖం, ఎక్స్‌ఎఫ్‌సీఈ ఒక ముఖం, ఇంకా బోలెడు. పుస్తకాల్లో దాన్ని డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. అంత పొడుగు పేరు పలికేలోపు గిరాకీ లేచిపోతాడని ఆయన "మొఖం" అనేవాడు.

ఒక్కో ముఖం ఒక్కో పెన్‌డ్రైవులో పెట్టుకుని, వాటికి రంగు దారాలు చుట్టి, అన్నిటినీ ఒక నల్లదారానికి గుచ్చి మెడలో వేసుకునేవాడు. చొక్కా పై గుండీ పెట్టేవాడు కాదు. దూరంనుంచి చూస్తే కష్టాల్లో ఉన్నవాళ్లకు ఆశ పుట్టించే మనిషిలా ఉండేవాడు. కానీ తాయెత్తులు, దిష్టి, వాస్తు అన్న మాటలు వింటే మాత్రం మండిపడేవాడు. దుకాణానికి నిమ్మకాయ కడదామన్నందుకు సొంత బామ్మర్దితో ఏడాది మాట్లాడలేదు. నేనైతే పదేళ్లని రాసేవాణ్ణే. ఇవాళ కొంచెం సిగ్గుపడుతున్నాను.

ఆయన సొంత కంప్యూటరుకు మాత్రం ఏ ముఖమూ నిలిచేది కాదు. సోమవారం పోతే మెనూ పట్టీ పైన, గురువారం పోతే పక్కన, ఆదివారం పోతే అసలు పట్టీయే లేదు. "దొరికింది తమ్మీ, ఇగ జన్మల మార్చ" అనేవాడు ప్రతిసారీ. ఆ జన్మ వారం రోజులుండేది. చాయ్ తెచ్చిన ఆయన భార్య ఒకసారి గుమ్మంలోనే నిలబడి నాతో అంది:

"సూస్తున్నవా మరిదీ! పెండ్లిచూపులకు పోయినట్టు పోతడు, ఒక్కటి నచ్చది. మరి నన్నెట్ల ఒప్పుకున్నవయ్యా అని అడిగిన. ఏమన్నడో ఎర్కేనా? 'అప్పుడు ఆప్షన్ లేకుండె' అన్నడు."

ఆయన తెరమీంచి కళ్లు తిప్పకుండా, "ఉండుంటె గూడ నిన్నే ఇన్‌స్టాల్ చేసుకుంటుంటి," అన్నాడు. ఆమె చాయ్ గ్లాసు ఎంత గట్టిగా పెట్టిందంటే కీబోర్డు మీద మూడు కీలు వాటంతటవే నొక్కుకున్నాయి.

నాకు ఆయన పరిచయమైంది నా కంప్యూటరు ముసలితనం వల్ల. దాన్ని ఆన్ చేసి, సారంగాపూర్ పోయి మా పెద్దమ్మను పలకరించి, అక్కడ అన్నం తిని, బీర్పూర్ మీదుగా తిరిగొచ్చినా తెరమీద ఆ గుండ్రటిది తిరుగుతూనే ఉండేది. ఆయన దాన్ని చూడనేలేదు. నన్ను చూశాడు.

"ఏం పని జేస్తవ్ దీంట్ల?"

"రాస్తనన్నా. హాస్యం."

"దానికి గింత బరువు మొఖమెందుకు?" అని తెల్లదారం చుట్టిన పెన్‌డ్రైవు తీశాడు. అది ఎక్స్‌ఎఫ్‌సీఈ. "గిది తేలిక. సాదాసీదగ ఉంటది, తెలివి ఎక్కువ అడుగది. నీకు సరిపోతది."

ఆ మాటలో మర్యాద ఎంతో, అవమానం ఎంతో నేటికీ తేల్చుకోలేకపోయాను. కంప్యూటరు మాత్రం నేను కుర్చీలో కూర్చునేలోపే లేచి కూర్చునేది.

ఆయనతో అసలు చిక్కు ఇంకోటి. ఆ నెలలో ఆయనకు ఏ ముఖం మీద మోజుంటే గిరాకీలందరికీ అదే. నాలాంటి తేలిక మనుషులకు మాత్రమే మినహాయింపు. కోరుట్ల చుట్టుపక్కల ఏ కంప్యూటరు ముఖం చూసినా అది ఏ నెలలో ఆయన చేతిలో పడిందో చెప్పేయొచ్చు. గ్నోమ్ మోజు పట్టిన నెల అందరికన్నా పాపం ఎరువుల దుకాణదారు ఇబ్బంది పడ్డాడు. గ్నోమ్ చాలా అందమైంది, శుభ్రమైంది. తెరమీద బొమ్మలుండవు. కిటికీని కిందికి దించే గీత కూడా మామూలుగా ఉండదు.

"సారూ, చిన్నగ చేసే గీత ఏది?" అని వచ్చాడు ఎరువులాయన.

"చిన్నగ జేసుడెందుకు? ఆ కిటికీ గట్లనే ఉంచి పక్క గదిలకు పో. ఒక్కో ఖాళీ తెర ఒక్కో గది, ఎన్ని గదులైన ఉంటయి దీంట్ల."

"నేను పేకలాడుతుంట సారూ! మా ఇంటామె లోపలికి రాంగనే గదులెన్నని లెక్కవెట్టుకుంట పోవన్నా?"

"ఆమె రాంగ గూడ ఆడాలెనంటే నీకు కావల్సింది గీత కాదు, ధైర్యం," అని పంపించేశాడు.

ఆ గ్నోమ్ నెలలోనే లత అనే అమ్మాయి కంప్యూటరు ఆయన చేతిలో పడింది. లత పుట్టిల్లు కోరుట్ల, మెట్టినిల్లు సిరిసిల్ల. భర్త మస్కట్‌లో ఉంటాడు. ఆమె మరమగ్గాలకు చీర అంచుల డిజైన్లు వేస్తుంది. తెరమీద గడి గడి నింపుతూ మామిడిపిందెలు, నెమళ్లు, ఏనుగులు తయారుచేస్తే, వాటిని చూసి అట్టలకు రంధ్రాలు కొట్టించి మగ్గానికి ఎక్కిస్తారు. ఆమె వేసిన నెమలిని మొదటిసారి చూసినప్పుడు ఆయన లేచి నిలబడ్డాడు. నా రచన చూపిస్తే కూర్చునే చదివేవాడు. ఆ నెమలికి తగిన ముఖం కావాలని పట్టుబట్టి, తన దగ్గరున్న వాటిలో అతి అందమైనదని గ్నోమ్ పెట్టి పంపాడు.

కొన్నాళ్లకు లత ఫోన్ చేసింది. ఏడుపు ఆపుకుంటూ మాట్లాడింది. మగనికి జీతం ఆగిపోయిందట. అత్త రాజవ్వ కారణం కనిపెట్టిందట. కారణం కంప్యూటరట. దాన్ని అమ్మేస్తుందట. బేరం కూడా కుదిరిందట.

"అన్నా, మీరొచ్చి ఏదన్న చెప్పుండ్రి. గీ కంప్యూటర్ డబ్బ పోతే నేను మళ్ల బీడీలకు కూసోవాలె."

ఆయన షట్టరు దించాడు. ఆ సమయానికి అక్కడ చాయ్ తాగుతున్న పాపానికి నన్నూ బస్సెక్కించాడు.

మేం పోయేసరికి ఎల్లారెడ్డిపేటనుంచి కొనేటాయన మోటారుసైకిలు మీద తాడుతో సహా వచ్చి అరుగుమీద కూర్చున్నాడు. కంప్యూటరును మేకపిల్లలా కట్టేసుకుని పోవడానికి తయారు. అరుగు రెండో చివర రాజవ్వ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆమె వేళ్లు ఆకు వైపు చూడవు, కళ్లు మాత్రం వచ్చినవాళ్లను నిలువునా కొలుస్తాయి. ఆ కళ్లు ఈయన మెడ దగ్గర ఆగాయి.

"ఏంటియి కొడుకా మెడల? తాయెత్తులా?"

ఇంకెప్పుడైనా అయితే ఆ ప్రశ్నకు ఆయన ఆఖరి బస్సు వెళ్లిపోయేదాకా జవాబు చెప్పేవాడు. నోరు తెరిచాడు కూడా. అత్త వెనకాల నిలబడ్డ లత రెండు చేతులూ జోడించింది.

"గసొంటియే అవ్వా," అన్నాడు ఆయన.

అబద్ధాలే వృత్తిగా బతుకుతున్నవాడిగా చెబుతున్నాను, ఆ అబద్ధంలో పస లేదు. గొంతులోంచి తవ్వి తీసినట్టు వచ్చింది. అయినా రాజవ్వ చేతులు ఆగాయి. ఆ తాయెత్తుల మనిషికి గౌరవంగా చాట పక్కన పెట్టి లోపలికి దారితీసింది.

"గీ డబ్బకు నువ్వు కొత్త మొఖం వెట్టినకాడికెళ్లి నా కొడుక్కు జీతం బందైంది. పంతులునడిగితే ఈశాన్యం సూసుకొమ్మన్నడు. ఇల్లంత సూసిన. ఇంటి ఈశాన్యం అద్దం లెక్కున్నది. మరి గా డబ్బల ఈశాన్యం సూడు! ఏమున్నది అండ్ల?"

లత నేలచూపులు చూస్తూ చెప్పింది. "పవర్ ఆఫ్ అన్నా."

"దీపం వెట్టే మూలకు దీపమార్పేది వెడుతరయ్యా ఎవరన్న?"

ఆయన తర్కం బయటికి తీశాడు. "అవ్వా, తెర నిలవడి ఉంటది. నిలవడ్డదానికి ఈశాన్యమెక్కడిది? పైన ఆకాశం, కింద భూమి. గంతే."

"అయితే పండవెట్టు."

పండబెట్టాం. ఇది నేను పెంచడం లేదు. కంప్యూటరు ఉత్తరం గోడకు ఉంది. దాని ముందు మంచం లాగి, మానిటరు తల గోడవైపు ఉండేట్టు వెల్లకిలా పడుకోబెట్టాం. వైరు చాలక సీపీయూను కూడా మంచమెక్కించాం. లత అలవాటు కొద్దీ మానిటరు తలకింద దిండు పెట్టింది. ఇప్పుడు పై అంచు ఉత్తరం, కుడి అంచు తూర్పు. ఈశాన్యం మూలలో, రాజవ్వ చెప్పినట్టే, ఆర్పే బటన్ నిక్షేపంగా కూర్చుని ఉంది. ఆయన తువ్వాలతో తెర తుడిచి, రోగి నాడి చూసే వైద్యుడిలా దానిమీదికి వంగాడు.

"దాన్ని జరుపు," అంది రాజవ్వ.

"గీ మొఖంల గది జరగది అవ్వా. అతుకేసి జరుపచ్చు గని, కొత్తది వచ్చినప్పుడల్ల అతుకు ఊడుతది."

"ఇల్లు కట్టినోనివి, తలుపు జరుపరాదా?"

"కట్టింది నేను గాదు. దునియల శానమంది కలిసి కట్టిండ్రు."

"గంతమందిల ఒక్కనికి గూడ ఈశాన్యం తెల్వదా?"

ప్రపంచవ్యాప్తంగా ఉన్న ఆ ప్రోగ్రామర్లందరి తరఫునా ఆయన తల దించుకున్నాడు. అరుగుమీద కొనేటాయన తాడు విదిలించుకుంటున్న చప్పుడు వినిపించింది.

ఆయన మెడలోని దారాన్ని చేత్తో తడిమాడు. నీలం దగ్గర ఆగాడు, ఎరుపు దగ్గర ఆగాడు. చివరికి తెల్లదారం దగ్గరికి వచ్చాడు. అది నా దారం, తేలిక పనులవాళ్ల దారం. నెమళ్లు వేసే చేతికి అది పెట్టడానికి ఆయన ప్రాణం ఎంత విలవిలలాడిందో పక్కనున్న నాకు తెలుసు. కానీ అందులో ప్రతి పట్టీ, ప్రతి బటన్ ఎక్కడికి జరపమంటే అక్కడికి జరుగుతుంది, జరిగినచోటే ఉంటుంది. దాన్నే సీపీయూకు గుచ్చి ముఖం మార్చాడు. ఫైళ్లు ముట్టుకోకుండా ముఖం ఒక్కటే మార్చడం లైనక్స్‌లో ఉన్న గొప్ప సౌకర్యం. లత ఏనుగుల్లో ఒక్కదాని తొండం కూడా వంకర పోలేదు.

అప్పుడు మొదలైంది. రాజవ్వ మంచం పట్టెమీద కూర్చుని చెబుతుంది, ఆయన జరుపుతాడు.

"ఆర్పేది నైరుతికి. బరువంత గాడనే ఉండాలె."

జరిపాడు.

"గా బుట్టేంది?"

"చెత్తబుట్ట."

"ఆగ్నేయంల వెట్టు. పొయ్యి మూల. కాలిపోతది."

నమ్మకాలమీద ఉపన్యాసాలిచ్చిన మనిషి, సొంత బామ్మర్దిని దూరం పెట్టిన మనిషి, చెత్తబుట్టను వేలితో పట్టుకున్నట్టుగా మెల్లగా ఆగ్నేయానికి నడిపించాడు. ఈశాన్యంలో గడియారం మిగిలింది. దాన్నీ తీయించింది. "అన్నం ఉడికితే టైం తెల్వదా?" అంది. అంతా అయ్యాక రాజవ్వ తెర నడిమధ్య వేలు పెట్టింది.

"గీ నడుమ ఎప్పటికీ ఖాళీ ఉండాలె. ఇంటి నడుమ ఏం వెట్టద్దు."

ఆయన నా వంక చూశాడు. నేను సీపీయూ వంక చూశాను. నడుమ ఖాళీగా ఉంచాలంటే లత ఇక తెర అంచుల్లో చీర అంచులు వేయాలి.

అప్పుడు లత తలెత్తి మాట్లాడింది.

"నేను పని జేసేది నడుమనే అత్తమ్మా. ఆయనకు జీతం బందైనప్పటి సంది ఇంట్లకు బియ్యం వస్తున్నయంటే గా నడుమ వేసిన బొమ్మలవల్లనే. అమ్ముతనంటే అమ్ముండ్రి. చాట వడుత. వట్టరాక కాదు. గని బీడీలు జేసేటోళ్లు వాడకంత ఉన్నరు. గీ నెమలి వేసేటోళ్లు మన ఇంట్ల ఇంకెవరున్నరు?"

అప్పుడు రాజవ్వ లేచింది. లేచి, కోడలి తలమీద చెయ్యి పెట్టి, వీధి వీధంతా వినబడేట్టు అంది: "నా కోడలు యాడ కూసుంటే గదే నా ఇంటి ఈశాన్యం! ఏ వాస్తు సూసుడు లేదు, ఏ మూల సూసుడు లేదు. ఓ ఎల్లారెడ్డిపేట కొడుకా, నీ తాడు నువ్వు వట్కపో!"

నేను కళ్లు తుడుచుకున్నాను.

తిరుగు బస్సులో వేములవాడ దాటాక, "తమ్మీ, గిది యాడ రాయకు," అన్నాడు. రాయనన్నాను. ఆయన ఉన్నంతకాలం రాయలేదు.

ఆ తర్వాత దుకాణానికి ఎవరొచ్చినా పెన్‌డ్రైవు తీసేముందు, "మీ ఇంట్ల ఏ మూలకు ఏముంటది?" అని అడగడం మొదలుపెట్టాడు. మారిపోయారా, నమ్ముతున్నారా అంటే కస్సుమనేవాడు. "నమ్ముడు గాదు. వాడుకునేటోడు వాడు. నాకు నచ్చింది వాని మొఖాన తగిలిచ్చుడేంది?" అనేవాడు. జిరాక్సు దుకాణం మూల అట్లా ఖాళీ అయిందే. ఆయన సొంత కంప్యూటరు ముఖం మాత్రం చివరిదాకా వారం వారం మారుతూనే ఉంది. మస్కట్ జీతం కూడా వచ్చింది, ఆలస్యంగా, కోతలతో. ఆ ఘనత రాజవ్వ దేనికిచ్చిందో మీకు చెప్పనక్కర్లేదు.

ఇక ఒప్పుకోలు. మానిటరును మంచంమీద పండబెట్టడం, దాని తలకింద దిండు, మెడలో పెన్‌డ్రైవుల దండ, తాడు పట్టుకొచ్చిన మనిషి, ఇవన్నీ నిజం. మీరు తరుగు కింద కొట్టేద్దామనుకున్నవే ఇవి, ఉంచుకోండి. నేను కల్పించింది రాజవ్వ చివరి డైలాగు. ఆమె అట్లాంటి మాట ఒక్కటి కూడా అనలేదు. కోడలి తలమీద చెయ్యి పెట్టలేదు. నేను కళ్లూ తుడుచుకోలేదు.

లత మాటలయ్యాక రాజవ్వ లేచి కొనేటాయన కూర్చున్న అరుగుమీదికి వెళ్లిపోయింది. బేరం ఖాయమైందనుకున్నాం. లత మంచంమీది మానిటరును ఒకసారి తడిమి వైరు పీకబోయింది. అంతలో రాజవ్వ మళ్లీ లోపలికి వచ్చింది. అరుగుమీది చాట, ఆకుల మూట, తంబాకు డబ్బా అన్నీ చంకనేసుకుని వచ్చి, ఉత్తరం గోడ పక్కన, కోడలి కుర్చీకి ఆనుకుని చతికిలబడి బీడీ చుట్టడం మొదలుపెట్టింది. గుమ్మంలోంచి తొంగిచూసిన కొనేటాయన కాసేపు నిలబడి, తాడు చుట్ట చుట్టుకుని మోటారుసైకిలు ఎక్కాడు.

తంబాకు పొడి లోపలి ఫ్యానులో చేరితే కంప్యూటరు బతకదు. అది ఆయనకన్నా బాగా ఎవరికీ తెలియదు. ఆయన రాజవ్వ చాట వైపు చూశాడు. మానిటరును లేపి బల్లమీద నిలబెట్టాడు. మూలనున్న పీట లాక్కొచ్చి బల్ల రెండో చివరన, రాజవ్వకు దూరంగా వేసి, సీపీయూను ఎత్తి దానిమీద పెట్టాడు. లత కూర్చుని నెమలిని తెరిచింది.